ఎనిమిది పదకొండు బండి

జనవరి 9, సోమవారం

పెద్దసారు గదిలోకి పిలిచి తొంభై సెకన్లు అడిగారు. "పొద్దున రద్దీలో ఒక్కో బండికి తొంభై సెకన్లు మిగిల్చి పెట్టమ్మా. ఎక్కడినుంచి తెస్తావో నీ ఇష్టం. తెస్తే గంటకి ఇంకో రెండు బళ్ళు దూరుస్తాం. ఏప్రిల్‌లో కొత్త టైమ్‌టేబుల్‌కి అందాలి." ముప్ఫై రెండేళ్ళుగా టైమ్‌టేబుల్ విభాగంలో ఉన్నాను. ఈ లైను మీద సెకన్లు ఎక్కడెక్కడ దాక్కుని ఉంటాయో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆయనకీ ఆ సంగతి తెలుసు.

ఇంకో పని కూడా అంటగట్టారు. జూన్‌కి లైనుకి డెబ్బై ఐదేళ్ళు నిండుతాయి. కొత్త టైమ్‌టేబుల్ పుస్తకంలో రెండు పేజీల చరిత్ర వేయాలట. "నువ్వైతే ప్రేమగా రాస్తావు" అన్నారు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. మధ్యాహ్నం గ్లాసుడు పాలూ తాగారని ఆయా చెప్పింది.

డైరీ మళ్ళీ మొదలుపెట్టాను. తిరుగు బండిలో, ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన సీటు దొరికితే ముప్ఫై ఐదు నిమిషాలు నావే, మిగతాది రాత్రి ఆయన నిద్రపోయాక. ఇంట్లో మాట్లాడే మనిషి లేనప్పుడు రాసుకోవడం తప్పు కాదు.

జనవరి 12, గురువారం

మూడు వేళ్ళు విచ్చుకున్నాయి.

పక్షవాతం వచ్చి రెండేళ్ళు. కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయింది. మాటల్లో మూడే మిగిలాయి: ఔను, వద్దు, నీళ్ళు. ముప్ఫై మూడేళ్ళు ఇదే లైను మీద బండి నడిపిన చెయ్యి అది. ఇంక రాదని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. ఈ సాయంత్రం దుప్పటి సర్దుతుంటే చూశాను. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తెరిచి ఉన్నాయి. చెంచా పెడితే పట్టుకున్నారు.

ఆయాని మెచ్చుకున్నాను. రోజూ రుద్దుతున్నానని చెప్పింది. వచ్చే గురువారం సెలవు తీసుకో, నేను ఇంట్లో ఉంటానన్నాను. "వద్దమ్మా, పగటి పూట మీరెందుకు ఇబ్బంది పడటం" అని కంగారుపడింది. మంచి మనిషి.

జనవరి 19, గురువారం

దానికి ఈ రోజు ముప్ఫై రెండు నిండాయి.

ఒక్కగానొక్క కూతురు. రైల్వే పరీక్ష రాసి, శిక్షణకి ఎంపికై, రెండో నెలలో అంతా వదిలేసి కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసేవాడి వెంట వెళ్ళిపోయింది. ఆరేళ్ళయింది. మళ్ళీ ఈ గడప తొక్కొద్దన్నాను. తొక్కలేదు. అన్న మాట మీద నిలబడటం నా దగ్గరే నేర్చుకుంది.

మా లైను మీదే ఉన్న చిన్న స్టేషను, బట్టీల హాల్ట్ పక్కన అద్దెకి ఉంటున్నారట. ఆసుపత్రిలో కసరత్తులు చేయించే గదిలో సహాయకురాలిగా చేస్తోందట. ఒక పాప. హాల్ట్ పక్క బడిలో వేశారట. నేను అడిగి తెలుసుకున్నవి కావు, చెవిన పడ్డవి.

జనవరి 24, మంగళవారం

సెకన్లు దొరికాయి. చివరి స్టేషన్లో ఉన్నాయి.

బండి వచ్చి ఆగాక డ్రైవరు ఈ చివర దిగి, పన్నెండు పెట్టెల పొడవూ జనాన్ని తోసుకుంటూ నడిచి, ఆ చివర ఎక్కాలి. మూడు నిమిషాలు. అలా కాకుండా ముందు బండి నుంచి దిగిన డ్రైవరుని ఆ చివర సిద్ధంగా నిలబెడితే, ఈ బండి రాగానే అతను ఎక్కి కూర్చుంటాడు. బళ్ళ రాకపోకల గ్రాఫు మీద గీసి చూస్తే ఒక్కో బండికి నూట పది సెకన్లు మిగిలాయి.

నా ఆలోచన కాదు. పదేళ్ళ క్రితం భోజనం చేస్తూ ఆయన అన్నారు. "డ్రైవర్లని నడిపించే బదులు బళ్ళని నడిపించమను మీవాళ్ళని." అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఈ రోజు ఇంటికెళ్ళి చెప్పాను. "ఔను" అన్నారు. మొహం వెలిగిపోయింది.

మా డిప్యూటీ లెక్క సరిచూశాడు. ఇరవై ఏళ్ళుగా నా ఎదుటి బల్ల మీద పనిచేస్తున్న మనిషి, తేలిగ్గా మెచ్చుకోడు. "ఇది పనికొస్తుంది మేడమ్" అన్నాడు. డ్రైవర్ల సంఘం ఒప్పుకుంటే చాలు.

ఫిబ్రవరి 2, గురువారం

సంఘానికి చూపించాల్సిన కాగితాలు ఇంట్లో మరిచిపోయాను. ఎనిమిదిన్నరకి ఆఫీసు నుంచి బయల్దేరి తొమ్మిదింపావుకి మా సందులోకి వచ్చాను. పడక గది కిటికీ సందులోకే ఉంటుంది. తెరిచి ఉంది.

"ఒకటి. రెండు. మోసం చెయ్యకు నాన్నా, చిటికెన వేలు కూడా. మూడు. ఇప్పుడు బ్రేకు. గట్టిగా లాగు. స్టేషను దాటి పోతోంది బండి. అదీ."

ఆరేళ్ళ తర్వాత విన్నా గొంతు పోల్చుకోవడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు.

తర్వాత ఆయన నవ్వారు. ముక్కుతో, భుజాలు కదిలేలా నవ్వే నవ్వు. రెండేళ్ళుగా ఆయనకి స్నానం చేయించేది నేను, పక్క మార్చేది నేను, మూతి తుడిచేది నేను. ఆ నవ్వు నాకు ఒక్కసారీ దక్కలేదు.

ఆయా గొంతు వినిపించింది. "త్వరగా కానియ్యమ్మా. తొమ్మిది యాభై బండి పోతుంది, ఆనక డ్యూటీలో మాట పడతావు."

లోపలికి వెళ్ళలేదు. కాగితాలు తీసుకోకుండానే స్టేషనుకి వచ్చేశాను.

ఫిబ్రవరి 3, శుక్రవారం

కాగితాలు కనపడలేదని చెప్పి సంఘంతో సమావేశం వాయిదా వేయించాను.

ఫిబ్రవరి 6, సోమవారం

ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆయాని అడగలేదు, ఆయన్నీ అడగలేదు. అడగాల్సిన అవసరం కనపడలేదు.

తొంభై సెకన్ల అధ్యయనం ఇంకా లోతుగా చేయాలనిపించింది. ఒక్క చోటే వెతికి ఊరుకోవడం మంచి పద్ధతి కాదు. ఇరవై రెండు స్టేషన్లలో పొద్దున ఎక్కేవాళ్ళ లెక్కలు తెప్పిస్తున్నాను. ముందుగా బట్టీల హాల్ట్ లెక్క వచ్చింది. ఎనిమిది పదకొండు బండికి నూట నలభై మూడు మంది.

ఈ లైను మీద అన్నిటికంటే తక్కువ మంది ఎక్కేది అక్కడే. బండి అక్కడ వేగం తగ్గించి, ఆగి, మళ్ళీ అందుకునేసరికి సరిగ్గా తొంభై సెకన్లు ఖర్చవుతాయి.

అక్కడ ఎనిమిది పదకొండుకి ఎక్కిన మనిషి ఎనిమిది ఇరవై తొమ్మిదికి మా ఇంటి దగ్గరి స్టేషన్లో దిగుతుంది. ఆరు నిమిషాల నడక. గంటకి పైగా తీరిక. తొమ్మిది యాభైకి మళ్ళీ ఎక్కితే పదిన్నర డ్యూటీకి ఆసుపత్రిలో ఉంటుంది. అంతకు ముందు బండి ఏడు నాలుగుకి. బడికి వెళ్ళే పిల్ల ఉన్నవాళ్ళకి అది కుదరదు. బస్సు ఊరంతా చుట్టి గంటన్నర.

ఎవరి ప్రయాణమైనా ఇలా విడదీసి చూడటం నా వృత్తి.

ఫిబ్రవరి 9, గురువారం

పొద్దున ఏడున్నర నుంచి పదింటి దాకా హాల్ట్‌లో బళ్ళు ఆపనట్టు కొత్త గ్రాఫు గీశాను. డిప్యూటీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మేడమ్, మనకి చివరి స్టేషన్లో దొరికాయి కదా. మళ్ళీ హాల్ట్ మీద ఎందుకు పడ్డాం?"

"డ్రైవర్ల సంఘం ఒప్పుకోదు."

"ఇంకా అడగందే."

"ఒప్పుకోరు. నాకు తెలుసు."

"నూట నలభై మూడు మందండీ. ఒక్క బండికే."

"పక్క స్టేషను రెండున్నర కిలోమీటర్లే కదా."

"రోడ్డు లేదు. పట్టాల పక్కన కంకర మీద నడవాలి."

"నడవకూడదని బోర్డు పెట్టిద్దాం. కాపలా కూడా వేద్దాం."

అతను కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ పక్క మీవాళ్ళెవరో ఉన్నారని ఎప్పుడో అన్నట్టు గుర్తు."

"నాకు ఆ పక్క ఎవరూ లేరు" అన్నాను.

ఫిబ్రవరి 15, బుధవారం

పెద్దసారు సంతకం పెట్టారు. "హాల్టేనా? ఓ పది ఫిర్యాదులొస్తాయి, అంతేగా." అంతే సార్ అన్నాను.

ఫిబ్రవరి 20, సోమవారం

చరిత్ర రాయడానికి పాత రికార్డులు తెప్పించాను. దుమ్ముకి రోజంతా తుమ్ములు.

ఈ పట్టాలు మనుషుల కోసం వేసినవి కావు, ఇటుకల కోసం. నగరం లేస్తున్న రోజుల్లో బట్టీల నుంచి మూతలేని పెట్టెల్లో ఇటుకలు తెచ్చేవారు. తిరిగి ఖాళీగా పోయే పెట్టెల్లో, నగరంలో ఇటుకలు మోసిన ఆడవాళ్ళు ఎక్కి ఇళ్ళకి పోయేవారు. టికెట్టు లేదు, బల్ల లేదు, కప్పు లేదు. ఈ లైనుకి మొదటి ప్రయాణికులు వాళ్ళే. వాళ్ళని దించేస్తే మర్నాడు పనికి ఎవరూ రాలేదట, అందుకని బల్లలు వేశారు. తర్వాత ఆవిరి ఇంజను ప్రయాణికుల బళ్ళు, తర్వాత రెండో పట్టా, ముప్ఫై ఆరేళ్ళ క్రితం కరెంటు బండి.

మొదటి కరెంటు బండి నడిపింది ఆయనే. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు. ఆ రోజు పెద్దపెద్దవాళ్ళు ఎక్కారు, చివరి స్టేషను దాకా ఎక్కడా ఆపకూడదని ఉత్తర్వు. బట్టీల హాల్ట్ దగ్గర పిల్లల్ని చంకనేసుకుని జనం బారులు తీరి ఉంటే ఈయన బండి ఆపేశారు. పిల్లలు చేత్తో తట్టి చూశారట బండిని. మెమో ఇచ్చారు. ఆ మెమో టైపు చేసింది నేను, చేరి ఆర్నెల్లు కూడా కాని టైపిస్టుని. 'అనుమతి లేకుండా నలభై సెకన్లు బండి ఆపినందుకు.' ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, చదువుకుని, కాగితం నా ముందు పెట్టారు. "నలభై కాదండీ, ముప్ఫై ఎనిమిది. మార్చి ఇవ్వండి, సంతకం పెడతాను." మార్చాను. రెండేళ్ళకి పెళ్ళయింది.

ఆ మెమో కార్బన్ కాపీ ఇవాళ ఫైల్లో కనపడింది. ముప్ఫై ఎనిమిది మీద నా దిద్దుబాటు అలాగే ఉంది.

రెండు పేజీల్లో ఇవన్నీ పట్టవు. 'ఇటుకల రవాణా కోసం మొదలైన ఈ లైను నేడు రోజుకు ఆరు లక్షల మందిని గమ్యం చేరుస్తోంది' అని రాశాను. హాల్ట్ పేరు ఎక్కడా రాలేదు. ఫైలు వెనక్కి పంపించేశాను.

మార్చి 10, శుక్రవారం

స్టేషన్లలో ప్రకటన అంటించారు. సాయంత్రం ఆయా గుమ్మంలోనే అడిగింది.

"రైళ్ళు మారుతున్నాయంటగా అమ్మా."

"నువ్వు రైలెక్కవు కదా, నీకెందుకు?"

చెంచాలు కడగడానికి వెళ్ళింది. కడిగినవే మళ్ళీ కడిగింది.

మార్చి 17, శుక్రవారం

ఫిర్యాదుల సమావేశం. ఆఫీసు హాల్లో మధ్యాహ్నం. నేను, డిప్యూటీ, బల్లకి ఇవతల. హాల్ట్ వాళ్ళు ముప్ఫై మంది దాకా అవతల. ఒక్కొక్కరే లేచి చెప్పాలి, డిప్యూటీ రాసుకోవాలి. దర్జీ ఒకాయన, ఇద్దరు నర్సులు, గుడ్డి తల్లిని చేత్తో పట్టుకుని ఒక నడివయసు మనిషి.

తర్వాత అది లేచింది. సన్నబడింది. నా వైపే చూస్తూ నిలబడింది.

"పేరు?" అన్నాడు డిప్యూటీ.

"సీజన్ టికెట్ నంబరు చెబుతాను, రాసుకోండి" అంది. చెప్పింది. "నాకు ఎనిమిది పదకొండు కావాలి మేడమ్. మా నాన్నకి చెయ్యి పడిపోయింది. పొద్దున గంటసేపు కసరత్తు చేయిస్తే వేళ్ళు వస్తున్నాయి. నాలుగు వచ్చాయి. ఇంకో ఆర్నెల్లు ఆపకుండా చేస్తే పట్టు వస్తుంది. మధ్యలో మానేస్తే వచ్చినవి కూడా పోతాయి. మళ్ళీ రావు. అదొక్కటీ మీకు తెలియాలని వచ్చాను."

డిప్యూటీ కలం ఆగిపోయింది.

"సొంత కారణాలు నమోదు చేయడానికి వీల్లేదు" అన్నాను. "ఉద్యోగానికి సంబంధించిన ఇబ్బంది ఏదైనా ఉంటే చెప్పండి."

"మీకు ఇంకేం చెప్పాలో నాకు తెలియదు."

"అయితే కూర్చోండి. తర్వాతి వారు."

అది కూర్చోలేదు, బయటికి వెళ్ళిపోయింది. కొంగు భుజాల చుట్టూ కప్పుకున్నాను. హాల్లో ఫ్యాన్లు మరీ ఎక్కువ పెట్టారు.

ఏప్రిల్ 3, సోమవారం

కొత్త టైమ్‌టేబుల్ మొదటి రోజు. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. ఇంటి వెనకే పట్టాలు కాబట్టి బళ్ళు ఎలా నడుస్తున్నాయో ఇక్కడినుంచే తెలుస్తుంది.

పడుకుని చెవులతోనే ఆయన ఏది ఏ బండో పోల్చుకోగలరు. ఎనిమిదిన్నరకి రావాల్సింది ముందే వచ్చింది. ఆయన గోడ గడియారం చూశారు. బండి వెళ్ళిపోయిన వైపు చూశారు. తర్వాత నన్ను చూశారు.

"తొంభై సెకన్లు ముందొచ్చింది కదూ? హాల్ట్ తీసేశాం" అన్నాను.

"వద్దు" అన్నారు.

"ఏది వద్దు? పాలా?"

"వద్దు."

పాల గ్లాసు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టాను.

ఏప్రిల్ 4, మంగళవారం

నూటికి తొంభై నాలుగు బళ్ళు వేళకి నడిచాయి. ఇదివరకు ఎప్పుడూ ఎనభై ఆరు దాటలేదు.

ఏప్రిల్ 20, గురువారం

ఉంగరపువేలు ముడుచుకుంది. చెంచా జారుతోంది. ఎండలకి నరాలు బిగుస్తాయేమో.

మే 4, గురువారం

డాక్టరు చెయ్యి పట్టుకుని విప్పబోతే ఆయన మూలిగారు.

"జనవరిలో బాగుందే. మధ్యలో ఏం మానేశారు?"

"ఏమీ మానలేదండీ" అన్నాను.

ఆయా నేల చూపులు చూసింది.

మే 7, ఆదివారం

నేనే మొదలుపెట్టాను. పుస్తకం కొన్నాను, బొమ్మలున్నాయి. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే లాగాను. "వద్దు" అన్నారు. మీ మంచికే అన్నాను. ఇంకాస్త లాగాను. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని నెట్టేశారు. అంత బలం ఉందని నాకు తెలియదు. "వద్దు. వద్దు. వద్దు." ఉన్న మూడు మాటల్లో ఆ ఒక్కటే నా కోసం అట్టిపెట్టినట్టున్నారు.

గాజు పగిలి చెయ్యి గీసుకుంది. చిన్నదే.

మే 14, ఆదివారం

సాయంత్రం ఐదింటికి తలుపు కొట్టారు. అది. పక్కన ఐదేళ్ళ పిల్ల, చేతిలో నీళ్ళ సీసా పట్టుకుని.

"పోట్లాడటానికి రాలేదు" అంది. "ఆదివారాలు మాత్రం రానియ్యి. నువ్వుండగానే వస్తాను. నువ్వు ఆ గదిలో కూర్చుని చూస్తూ ఉండు. నాతో మాట్లాడనక్కర్లేదు. అరగంట చాలమ్మా. చెయ్యి ఎలా ఉందో ఆయా చెప్పింది."

ఆయా చెప్పిందట.

"ఆయన నిద్రపోతున్నారు" అన్నాను.

అప్పుడు లోపలినుంచి ఆయన పిలిచారు. రెండేళ్ళుగా మూడు మాటలు తప్ప పలకని నోటితో దాని ముద్దుపేరు పిలిచారు. రెండక్షరాలు. తేటగా వినపడ్డాయి. మళ్ళీ పిలిచారు. మంచం కిర్రుమంది.

అది నా మొహం వైపు చూసింది. "అమ్మా" అంది.

"నిద్రలో కలవరిస్తున్నారు" అన్నాను.

పిల్ల దాని కొంగు లాగి అడిగింది. "ఎవరమ్మా ఈవిడ?"

"రైల్వే మేడమ్" అని చెప్పింది.

తలుపు వేశాను. గట్టిగా కాదు, మామూలుగానే వేశాను. గదిలోకి వెళితే ఆయన మంచం అంచుకి జారి ఉన్నారు, కాలు నేలకి వేలాడుతూ ఉంది. పైకి లాగి సర్దాను. ఎవరో అడ్రసు అడగడానికి వచ్చారని చెప్పాను.

మే 15, సోమవారం

ఆయా మానేసింది. "నాకు చేతకాదమ్మా" అంది. ఏది చేతకాదో చెప్పలేదు. అడగలేదు.

మే 22, సోమవారం

కొత్త ఆయా వచ్చింది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆయన ఇప్పుడు నీళ్ళు కూడా అడగడం లేదు. వేళ పెట్టుకుని ఇస్తున్నాం. ఐదు వేళ్ళూ మూసుకుపోయాయి. గోళ్ళు అరచేతిలో దిగకుండా గుడ్డ ఉండ పెట్టమని డాక్టరు చెప్పాడు.

జూన్ 12, సోమవారం

డెబ్బై ఐదేళ్ళ సభ. తొంభై సెకన్లు సాధించినందుకు నాకు ఇత్తడితో చేసిన బండి బొమ్మ ఇచ్చారు. పెద్దసారు నా గురించి ఐదు నిమిషాలు మాట్లాడారు. డిప్యూటీ చప్పట్లు కొట్టలేదు. భోజనాల దగ్గర నా పక్కకి వచ్చి మెల్లగా అన్నాడు.

"డ్రైవర్ల సంఘం కార్యదర్శి కలిశాడు మేడమ్. చివరి స్టేషన్ సంగతి మాటవరసకి చెప్పాను. అంత మంచి పద్ధతి ఉంటే మమ్మల్ని ఎందుకు అడగలేదని తిట్టాడు."

"మీరెందుకు చెప్పారు?"

"ఆ రోజు ఆవిడ సీజన్ టికెట్ నంబరు రాసుకున్నాను కదా. ఎవరి పేరు మీద ఉందో చూశాను" అన్నాడు. "తండ్రి పేరు దగ్గర మీ సారు పేరే ఉంది. ఇంకెవరికీ చెప్పలేదు."

ఇంటికొచ్చి బొమ్మని ఆయన మంచం ఎదురుగా పెట్టాను. మొహం గోడ వైపు తిప్పుకున్నారు.

జులై 4, మంగళవారం

సవరణ టైమ్‌టేబుల్. చివరి స్టేషన్లో డ్రైవర్లని మార్చే పద్ధతి పెట్టించాను. సంఘం పది నిమిషాల్లో ఒప్పుకుంది. బట్టీల హాల్ట్‌లో మళ్ళీ ఆపొచ్చు. మూడు నెలల అనుభవం మీద తీసుకున్న నిర్ణయం అని కారణం రాశాను. ఇదీ నిజమే.

జులై 17, సోమవారం

హాల్ట్‌లో మళ్ళీ ఎనిమిది పదకొండు ఆగింది. కొత్త ఆయాకి చెప్పాను, తొమ్మిది లోపు ఎవరైనా వస్తే అడ్డు పెట్టొద్దని. ఎవరు వస్తారమ్మా అంది. ఎవరైనా అన్నాను.

జులై 18, మంగళవారం

ఎవరూ రాలేదట.

జులై 21, శుక్రవారం

రాలేదు. ప్రకటన చూసి ఉండదు.

జులై 27, గురువారం

రాలేదు. పొగరు. ఎవరి పోలికో నాకు తెలుసు.

జులై 29, శనివారం

ఈ రోజు నేనే వెళ్ళాను. ముప్ఫై రెండేళ్ళలో గ్రాఫు మీద వెయ్యి సార్లు గీత గీసిన చోటు. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టడం ఇదే మొదటిసారి. పొడవాటి సిమెంటు అరుగు, రేకుల కప్పు, ఒక కుళాయి. ఎనిమిది పదకొండుకి ఎక్కినవాళ్ళని లెక్కపెట్టాను. పంతొమ్మిది మంది.

ప్లాట్‌ఫారం చివర నేను పెట్టించిన బోర్డు కొత్తగా మెరుస్తోంది. పట్టాల పక్కన నడవరాదు.

వెనక వరసలో సగం ఇళ్ళకి తాళాలు. ఇస్త్రీ బల్ల దగ్గర ఒకావిడని కళ్ళజోళ్ళ పనివాళ్ళ ఇల్లు ఎక్కడని అడిగాను.

"వాళ్ళు పోయి నెలన్నర అయిందమ్మా. రైలు తీసేశాక ఇక్కడ ఎవరుంటారు? ఆ పిల్ల వారం రోజులు పట్టాలెంట నడిచి పక్క టేషనుకి పోయింది, వాళ్ళ నాన్న దగ్గరికి. కాపలావాళ్ళు పట్టుకుని జరిమానా వేశారు. పరిగెత్తబోయి కంకర మీద పడి మోకాలు చిట్లింది. పదింటి బండికి పోతే పనికి రోజూ ఆలస్యమే. తీసేశారు. ఆ పిల్ల మొగుడికి ఎక్కడో దూరంగా పని దొరికితే సామాన్లు వేసుకుని పోయారు." ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "మీరెవరు? వాళ్ళ నాన్నగారింటి నుంచి గానీ వచ్చారా? వస్తే ఇమ్మని చీటీ ఇచ్చి పోయింది. కొత్త అడ్రసు, ఫోన్ నంబరు. ఇన్ని రోజుల్లో ఒక్కరూ రాలేదు."

"వాళ్ళింటి నుంచే" అన్నాను.

"పాపం పెద్దాయనకి ఎలా ఉంది?"

"బాగున్నారు."

బల్ల కింద డబ్బాలోంచి చీటీ తీసి ఇచ్చింది. నాలుగు మడతలు. 'నాన్నా' అని మొదలుపెట్టి, కొట్టేసి, అడ్రసు మాత్రం రాసింది. అక్కడినుంచి ఇక్కడికి రైల్లో పదకొండు గంటలు. రెండు బళ్ళు మారాలి.

చీటీ ఈ పేజీలోనే పెడుతున్నాను.

జులై 30, ఆదివారం

పొద్దున ఆయనకి పక్క మార్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎంతో కాలానికి నేను అలా కూర్చోవడం చూసి ఇటు తిరిగారు.

"నిన్న దాన్ని చూసి వచ్చాను" అన్నాను.

ఆయన పెదవులు కదిలాయి.

"బాగుంది. పిల్ల బడికి పోతోంది. హాల్ట్‌లో మళ్ళీ బండి ఆగుతోంది, వచ్చి నాన్నకి కసరత్తు చేయించు, నేనేమీ అననని చెప్పాను. తీరిక లేదంది. రాలేనంది."

నన్నే చూస్తూ ఉండిపోయారు. నిజమా అన్నట్టు. నేనూ కళ్ళు తిప్పుకోలేదు.

"పిల్లలు అంతే. ఎవరి సంసారం వాళ్ళది. మనకి మనమే."

బయట ఏదో బండి వచ్చి వెళ్ళింది. ఆయన గడియారం వైపు చూడలేదు. కళ్ళు మూసుకున్నారు. రెండు కళ్ళ నుంచీ నీళ్ళు చెవుల మీదికి కారాయి. తుడిచాను. తుడవనిచ్చారు.

కాసేపాగి కుడిచెయ్యి నా ఒళ్ళోకి తీసుకుని, గుడ్డ ఉండ తీసి, బొటనవేలు పట్టుకున్నాను. నొప్పికి మొహం ముడుచుకుపోయింది, కానీ వద్దనలేదు. ఎడమ చెయ్యి కూడా తెచ్చి నా చేతి మీద పెట్టారు. అలా పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

చీటీ సంగతి ఆయన కాస్త కోలుకున్నాక చెబుతాను. తొందరేం లేదు.